టైమ్‌షీట్ టెన్షన్ పోవాలంటే ముందు చిట్టా రాయండి, ఆవర్జా తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు ప్రాజెక్టులు ఒకేసారి చూస్తున్నారు. ప్రతి శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపాలి, అప్పటికి సోమవారం ఏం చేశారో గుర్తుండదు. మెయిల్స్, మీటింగ్ క్యాలెండర్ తిరగేసి ఏదో ఒక లెక్క వేసి పంపేస్తున్నారు. నోట్స్ కొన్ని పుస్తకంలో, కొన్ని ఫోన్‌లో, కొన్ని మానిటర్‌కి అంటించిన పసుపు చీటీల మీద ఉన్నాయి. రెండు టైమర్ యాప్‌లు పెట్టుకుని పది రోజుల్లో వదిలేశారు. ఇప్పుడు మూడో యాప్ ఏది మంచిదని అడుగుతున్నారు.

యాప్‌ల సంగతి కింద చెబుతాను. అయితే యాప్ మార్చినంత మాత్రాన మీ ఇబ్బంది తీరదని నా నమ్మకం. ఇరవై ఏళ్లకు పైగా సర్వర్లు, డేటాబేస్‌ల నిర్వహణ చూస్తున్నాను. అందులో కొన్నేళ్లు గంటల లెక్కన బిల్లు వేసుకుని బతికాను. 2016 నుంచి పని ఉన్న ప్రతిరోజూ చిట్టా రాస్తున్నాను.

చిట్టా అన్న మాట కావాలనే వాడుతున్నాను. మా నాన్నగారు తెనాలిలో ఒక బియ్యం కొట్టులో గుమాస్తాగా చేసేవారు. ఆయన ముందు రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. కొట్టు తీసినప్పటి నుంచి కట్టేదాకా ఏ జమ వచ్చినా, ఏ ఖర్చు పోయినా, ఎవరు బస్తా అరువుకి పట్టుకెళ్లినా, వచ్చింది వచ్చినట్టు అదే వరసలో చిట్టాలో పడిపోయేది. ఎదురుగా మనిషి నిలబడి ఉండగా ఆయన ఖాతా పేజీ వెతకడం ఉండేది కాదు. కొట్టు కట్టే ముందు గల్లాపెట్టె సరిచూసుకుని, అప్పుడు తీరిగ్గా కూర్చుని చిట్టాలోని ఒక్కో పద్దునీ ఆవర్జాలో ఆయా ఖాతాదారు పేజీకి ఎక్కించేవారు. చిట్టాది కాలం వరస, ఆవర్జాది పేర్ల వరస.

మీ టైమ్‌షీట్ అచ్చంగా ఆవర్జా. ఏ ప్రాజెక్టుకు ఎన్ని గంటలు అని పేర్ల వారీగా అడుగుతుంది. మీ దగ్గర చిట్టా లేదు. ఉన్నట్టుండి శుక్రవారం నాడు ఆవర్జా రాయమంటే ఎంత జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లయినా ఊహించి రాయాల్సిందే. మీరు వదిలేసిన టైమర్ యాప్‌లు కూడా అక్కడే దెబ్బతీశాయి. బటన్ నొక్కగానే ఏ క్లయింటు, ఏ ప్రాజెక్టు, ఏ టాస్కు, బిల్లు వేయొచ్చా లేదా అని అడుగుతాయి. అవతల ఫోన్ మోగుతూ ఉంటుంది, ఇవతల ఇది నాలుగు ప్రశ్నలు వేస్తుంది. ఒకసారి దాటేస్తాం, రెండోసారి దాటేస్తాం, మూడో రోజుకి యాప్ తెరవడమే మానేస్తాం. అది మీ బద్ధకం కాదు. రాసే వేళలో వర్గీకరించమనడం ఆ పద్ధతిలోని లోపం.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. ఒకటే ఫైలు పెట్టుకోండి. పని మారిన ప్రతిసారీ చివర ఒక కొత్త లైను చేర్చండి. ముందు టైము, తర్వాత ఎవరి పని అన్నది @ గుర్తు పెట్టి ఒక్క మాటలో, ఆపైన ఏం చేస్తున్నారో మామూలు మాటల్లో. నా చిట్టాలో ఒక పూట ఎలా ఉంటుందో చూపిస్తాను. క్లయింట్ల పేర్ల బదులు బ్యాంకు, ఆస్పత్రి అని పెట్టాను.

2026-02-10 మంగళవారం
09:35 @ఇతర మెయిల్స్, నిన్న మిగిలిన టికెట్లు చూస్తున్నాను
10:00 @బ్యాంకు రోజువారీ మీటింగ్
10:20 @బ్యాంకు స్టేట్‌మెంట్ రిపోర్టు నెమ్మదిగా వస్తోందని ఫిర్యాదు. నెలాఖరు తేదీలు ఇస్తేనే నెమ్మదిస్తోంది
11:15 @ఆస్పత్రి ఫోన్. ల్యాబ్ ఫలితాల పేజీ ఖాళీగా వస్తోంది. సర్వీసు రీస్టార్ట్ చేస్తే వచ్చింది. అసలు కారణం ఇంకా తెలియదు
11:40 @బ్యాంకు మళ్లీ రిపోర్టు. తేదీ కాలమ్ మీద ఇండెక్స్ లేదు. టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూస్తే 40 సెకన్లది 3 సెకన్లకు దిగింది
13:10 @ఆపు భోజనం. తర్వాత: ఇండెక్స్ పెట్టడానికి అనుమతి అడగాలి

ఇందులో ఎక్కడా పని ముగిసిన టైము రాయలేదు, గమనించండి. ఒక పని ఎప్పుడు ముగిసిందో తర్వాతి లైనే చెబుతుంది. బ్యాంకు పని 10:00 నుంచి 11:15 దాకా 75 నిమిషాలు, 11:40 నుంచి 13:10 దాకా 90 నిమిషాలు, మొత్తం 2 గంటల 45 నిమిషాలు. ఆస్పత్రి 25 నిమిషాలు, ఇతర 25 నిమిషాలు. మూడూ కలిపితే 3 గంటల 35 నిమిషాలు. 9:35కి మొదలుపెట్టి 13:10కి భోజనానికి లేచాను కాబట్టి సరిగ్గా సరిపోయింది. నాన్నగారు గల్లాపెట్టె సరిచూసుకున్నట్టే ఇక్కడా సరిచూసుకోవచ్చు.

ప్రారంభ సమయం మాత్రమే రాయడంలో ఇంకో లాభం ఉంది. టైమర్‌ని ఆపడం మర్చిపోతే అది రాత్రంతా నడిచి పొద్దున 14 గంటలు చూపిస్తుంది. ఈ పద్ధతిలో ఆపడం అన్న పనే లేదు. కొత్త పని మొదలుపెట్టిన లైను పాత పనిని దానంతటదే మూసేస్తుంది. భోజనానికి, టీకి, ఇంటికి బయల్దేరేటప్పుడు @ఆపు అని ఒక లైను వేయడం మాత్రం అలవాటు చేసుకోవాలి. మొదటి రెండు వారాలు మర్చిపోతారు, ఫరవాలేదు.

మర్చిపోయినప్పుడు ఏం చేయాలన్నది చాలామంది అడగరు కానీ, ఈ అలవాటు నిలిచేదీ పోయేదీ అక్కడే. మధ్యాహ్నం 4 గంటలకు చూసుకుంటే రెండు గంటలుగా ఒక్క లైనూ లేదనుకోండి. పైకి వెళ్లి మధ్యలో ఇరికించకండి. 16:00 అని చివరే ఒక లైను వేసి, అందులో 'సుమారు 14:15 నుంచి బ్యాంకు వాళ్లతో కాల్, 15:00 నుంచి దాని మీదే పని' అని రాయండి. సుమారు అన్న మాట తప్పకుండా ఉండాలి. తర్వాత లెక్క తీసేటప్పుడు ఏది చూసి రాసింది, ఏది తలచుకుని రాసింది అన్న తేడా తెలుస్తుంది. తప్పు రాసినా చెరపకండి, కింద 'పైన ఆస్పత్రి అని రాసింది బ్యాంకు పని' అని ఇంకో లైను వేయండి. చిట్టాలో దిద్దుబాటు ఎప్పుడు జరిగిందో కూడా కనబడాలి. నాన్నగారు తప్పు పడిన అంకె మీద ఒక్క గీత గీసి పక్కన సరైనది వేసేవారు, కింద పాత అంకె చదవడానికి వీలుగానే ఉండేది. ఆ పుస్తకాన్ని షావుకారు నమ్మడానికి కారణం అదే.

టైమూ నోట్సూ ఒకే లైనులో ఎందుకు ఉండాలని పట్టుబడుతున్నానో చెప్పాలి. 2016లో అమెరికాలో ఉన్న ఒక క్లయింటుకు 46 గంటలకు బిల్లు పంపాను. అప్పట్లో టైమర్ యాప్ వాడేవాణ్ని. వాళ్లు వివరాలు అడిగారు. నా దగ్గర ఉన్నది తేదీ, గంటలు, 'సర్వర్ పని' అన్న రెండు మాటలు. నోట్స్ వేరే పుస్తకంలో ఉన్నాయి, వాటికి తేదీలు లేవు. మూడు రోజులు కూర్చుని మెయిల్స్‌తో జతచేయడానికి ప్రయత్నించినా 18 గంటలకు ఆధారం చూపలేకపోయాను. వాళ్లు ఆ 18 గంటలకు డబ్బు ఇవ్వలేదు. ఆ పని నేను చేశాను, రాత్రిళ్లు మేలుకుని చేశాను. ఆ నెల ఇంటి అద్దెకు చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. ఆ వారంలోనే యాప్ తీసేసి ఒక టెక్స్ట్ ఫైలు తెరిచాను. ఆ తర్వాత బిల్లు మీద ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆ రోజు లైన్లు తీసి పంపుతున్నాను. ఒక్కసారి కూడా కోత పడలేదు.

ఇక పనిముట్లు. విండోస్ వాడుతుంటే మీకు కొత్తగా ఏదీ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఖాళీ ఫైలు తెరిచి మొదటి లైనులో ఒక చుక్క పెట్టి, వెంటనే ఎల్, ఓ, జీ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో కొట్టి సేవ్ చేయండి. అప్పటినుంచి ఆ ఫైలు మూసి తెరిచిన ప్రతిసారీ చివర తేదీ, టైము దానంతటదే పడుతుంది. ఫైలు తెరిచే ఉంటే ఎఫ్5 నొక్కితే కర్సర్ ఉన్నచోట టైము, తేదీ పడతాయి. ఈ సదుపాయం నోట్‌ప్యాడ్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది, అయినా తెలిసినవాళ్లు తక్కువ.

ఎక్సెల్ అలవాటున్నవాళ్లకు అదే హాయి. కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కితే ఈ రోజు తేదీ, కంట్రోల్ షిఫ్ట్ రెండూ పట్టుకుని సెమికోలన్ నొక్కితే ఇప్పటి టైము పడతాయి. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే పనిచేస్తాయి. ఎక్సెల్‌లో రెండు చోట్ల మాత్రం చాలామంది దెబ్బతింటారు. అర్ధరాత్రి దాటిన పని ఉంటే, తర్వాతి టైము లోంచి ముందు టైము తీసేస్తే మైనస్ వచ్చి గడి అంతా # గుర్తులతో నిండిపోతుంది. తీసివేతని మాడ్ ఫంక్షన్‌లో పెట్టి 1తో భాగిస్తే మిగిలే శేషం ఇవ్వమంటే సరైన గంటలు వస్తాయి. రెండోది నెల మొత్తం. 163 గంటలు రావాల్సిన చోట 19 అని చూపిస్తుంది, ఎందుకంటే మామూలు ఫార్మాట్ 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. సెల్ ఫార్మాట్‌లో గంటలకు వాడే హెచ్ అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే అసలు మొత్తం కనబడుతుంది. ఇది తెలియక నెలాఖరున కంగారుపడినవాళ్లను చాలామందిని చూశాను.

నోట్స్ రాసుకునే యాప్‌లే కావాలంటే రెండున్నాయి. లాగ్‌సెక్ తెరవగానే ఈ రోజు పేజీ ఎదురుగా వస్తుంది, అబ్సిడియన్‌లో డైలీ నోట్స్ ఆన్ చేసుకుంటే రోజుకో ఫైలు తయారవుతుంది. రెండింటిలోనూ మీ కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాచుకోవచ్చు, అందుకే చెబుతున్నాను. రేపు ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా మీ రాతలు మీ దగ్గరే ఉంటాయి. ప్రోగ్రామర్లకు ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆర్గ్ మోడ్ ఉంది. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన నోట్స్ కోసం 2003లో మొదలుపెట్టినది. అందులో నోట్స్ పక్కనే గడియారం నడుస్తుంది, వారం లెక్క పట్టికగా తనే వేసిస్తుంది, కావాలంటే మనం కుర్చీలోంచి లేచిపోయిన టైముని ఏం చేయమంటావని కూడా అడుగుతుంది. చాలా గొప్ప పనిముట్టు. కానీ ఈమాక్స్ రాకపోతే టైమ్‌షీట్ కోసం ఇప్పుడు నేర్చుకోకండి, నేర్చుకోవడమే ఇంకో ప్రాజెక్టు అవుతుంది.

డెస్క్ దగ్గర లేనప్పుడు నేను వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకుంటాను. టైము దానంతటదే పడుతుంది, తెలుగులో మాట్లాడితే గూగుల్ కీబోర్డు టైప్ చేసేస్తుంది. ఎక్స్‌పోర్ట్ చాట్ అని నొక్కితే ప్రతి మెసేజ్ ముందూ తేదీ, టైముతో టెక్స్ట్ ఫైలు వస్తుంది. సాయంత్రం అందులోంచి చిట్టాలోకి దించుకుంటాను. క్లయింటు డేటా, పాస్‌వర్డులు మాత్రం వాట్సాప్‌లోనూ వద్దు, చిట్టాలోనూ వద్దు. 'పాస్‌వర్డు మార్చాను' అని రాయండి, పాస్‌వర్డు రాయకండి. కంపెనీ పని చిట్టా కంపెనీ అనుమతించిన మెషీన్ మీదే ఉంచండి.

ఏ భాషలో రాయాలని కూడా అడిగారు. చేతికి ఏది వేగంగా వస్తే అది. నేను తెలుగులోనే రాస్తాను, ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తాను, ఎందుకంటే ఏడాది తర్వాత వెతికేది ఆ మెసేజ్‌తోనే. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే అలవాటుంటే మాత్రం జాగ్రత్త. చెప్పాడు అన్న మాటనే ఒకరోజు ఒక ఏ పెట్టి, ఇంకోరోజు రెండు ఏలు పెట్టి రాస్తాం, తర్వాత వెతికితే సగం దొరకవు. తెలుగు లిపిలోనూ ఒక చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట పొల్లుకీ వే కీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకపోతే వకారం వత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అని పడుతుంది. కొన్ని కీబోర్డులు ఆ అక్షరాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఒక రకంగా రాసి ఇంకో రకంగా వెతికితే దొరకదు. అందుకే ప్రాజెక్టు గుర్తులకు బ్యాంకు, ఆస్పత్రి, ఇతర లాంటి తేలిక మాటలే ఎంచుకున్నాను. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు పెట్టండి. అప్పుడు ఫైళ్లు పేరు ప్రకారం పేర్చినా కాలం వరసలోనే ఉంటాయి.

మీరు అమెరికా టీమ్‌తో పనిచేస్తున్నామన్నారు కాబట్టి ఒక మాట. చిట్టాలో ఎప్పుడూ మన టైమే రాయండి. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. న్యూయార్క్‌తో మన తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. రెండు టైములూ కలిపి రాస్తే ఆ వారాల్లో లెక్క తప్పక తప్పదు.

ఆవర్జా ఎప్పుడు రాయాలంటే, శుక్రవారం దాకా ఆగకండి. రోజూ లేచే ముందు ఐదు నిమిషాలు. ఒక్కో గుర్తు కింద ఎన్ని నిమిషాలో కూడి, ఆ రోజు చివర ఒక లైనులో వేయండి. మీ టైమ్‌షీట్ పావుగంటల్లో అడిగితే అప్పుడు పావుగంటకు సవరించండి. చిట్టాలో మాత్రం 11:40ని 11:45 చేయొద్దు. శుక్రవారం నాడు ఐదు లైన్లు కూడితే చాలు.

మొదటి నెల ఒక ఇబ్బంది ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. రోజుకి 8 గంటలు చూపించాల్సిన చోట మీ చిట్టా ఆరున్నరే చూపిస్తుంది. మిగతాది చిన్న ఫోన్లు, పక్కవాళ్ల సందేహాలు, లాగిన్ సమస్యలు, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లడానికి పట్టిన టైము. భయపడి ఆ గంటన్నరని ఏదో ఒక ప్రాజెక్టులో కలిపేయకండి. @ఇతర కింద రాస్తూ పోండి. నాలుగు వారాల తర్వాత ఆ మొత్తం తీసుకెళ్లి మీ మేనేజర్‌కి చూపించండి. పక్క టీమ్ ఫోన్ల మీదే వారానికి ఆరు గంటలు పోతున్నాయని నా లెక్కలో తేలినప్పుడు, ఆ ఫోన్లకు రోజుకో గంట కేటాయించి మిగతా టైములో రాకుండా కట్టడి చేశారు. లెక్క లేనప్పుడు అదే మాట చెబితే ఫిర్యాదులా వినబడింది. చిట్టా మొత్తం మాత్రం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అది మీ పనికోసం మీరు రాసుకున్నది. బయటికి వెళ్లేది ఆవర్జా.

ఇంత రాసి టైమ్‌షీట్ గురించే మాట్లాడాను కానీ, చిట్టా మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం వేరే ఉంది. 2022లో ఒక రాత్రి రెండు గంటలకు ఫోన్ వచ్చింది, పేమెంట్లు ఆగిపోయాయని. చూస్తే సర్వర్ సర్టిఫికెట్, అంటే సర్వర్ అసలైనదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం, గడువు తీరింది. 2020 సెప్టెంబరులో వచ్చిన నియమం ప్రకారం అప్పట్లో ఈ సర్టిఫికెట్లు 398 రోజులకు మించి ఇచ్చేవారు కాదు కాబట్టి దాదాపు ఏడాదికోసారి మార్చాల్సి వచ్చేది. కొత్తది తెప్పించి పెట్టాను, సర్వీసు రీస్టార్ట్ చేశాను, అయినా పేమెంట్లు నడవలేదు. గుండె దడ మొదలైంది. చిట్టాలో సర్టిఫికెట్ అని వెతికితే పదమూడు నెలల కిందటి లైను దొరికింది. 'సర్వర్‌లో మారిస్తే సరిపోదు, ముందున్న లోడ్ బ్యాలెన్సర్‌లో కూడా మార్చాలి, అది నెట్‌వర్క్ టీమ్ చేతిలో ఉంది' అని నేనే రాసుకున్నాను. లోడ్ బ్యాలెన్సర్ అంటే వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేది. ఒక్క ముక్క కూడా గుర్తులేదు. నెట్‌వర్క్ టీమ్‌ని నిద్ర లేపాం, ఇరవై నిమిషాల్లో పేమెంట్లు మొదలయ్యాయి.

అందుకే టైము ఒక్కటే రాసి ఊరుకోకండి. ఎక్కడ ఇరుక్కున్నారు, ఏది ప్రయత్నిస్తే కాలేదు, ఏ నిర్ణయం ఎవరు చెబితే తీసుకున్నారు, ఈ మూడూ రాయండి. ముఖ్యంగా కుర్చీలోంచి లేచే ముందు పైన నమూనాలో ఉన్నట్టు 'తర్వాత:' అని పెట్టి చేయబోయే పని ఒక్క వాక్యంలో రాయండి. భోజనం చేసి వచ్చాక ఎక్కడ ఆపానా అని తడుముకునే పావుగంట మిగులుతుంది. మూడు ప్రాజెక్టుల మధ్య తిరిగే మీకు రోజుకు అలాంటివి నాలుగైనా ఉంటాయి.

సోమవారం వరకూ ఆగక్కర్లేదు. ఇది చదివాక ఒక ఖాళీ ఫైలు తెరిచి, ఇప్పటి టైము వేసి, మీ చేతిలో ఉన్న పని పేరు రాసి సేవ్ చేయండి. రెండు వారాలు రాశాక ఎక్కడైనా చిక్కుపడితే, ఒక రోజు చిట్టాలో క్లయింటు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. లైను లైనుగా చూసి చెబుతాను.